అశ్వబలమును సారథ్యమును

బలమును సంపాదించుట యొక విద్య. బలమును మలపుట మరియొక విద్య. మొదటిదానికి మన దేశమున గురువులును, ధనమును, చప్పట్లును కొదువలేదు. రెండవదానిని నేర్వగోరువాడు ఏదో యొక మూల, ఏదో యొక వృద్ధుని యొద్ద, చేతులు నలుపు చేసికొని నేర్చుకొనవలసియున్నది. ఈ మాట వేదాంతముగా తోచవచ్చును గాని, నేను దీనిని వేదాంతగ్రంథములలో చదివి చెప్పుటలేదు. పాత మోటారుకారు నొకదానిని పందెపు బాటకు సిద్ధపరచిన యువకుని వెంట ఒక యేడాది తిరిగి, అతని లెక్కల పుస్తకమును చూచి చెప్పుచున్నాను.

నేను నివసించు లాలాగూడ యీ విషయము నాలోచించుటకు తగిన చోటు. ఒక వైపున తార్నాక, దానిని దాటినంతనే ఉస్మానియా విశ్వవిద్యాలయపు చెట్లును, రాతి భవనములును. మరియొక వైపున నిజాము రైల్వే కాలమున, 1893లో, వెలసిన రైలుపెట్టెల కర్మాగారము, విద్యుత్తు ఇంజనుల షెడ్డు. పుస్తకము చేతబట్టినవా రొక దిక్కునకును, పానా చేతబట్టినవా రింకొక దిక్కునకును పోవుదురు. ఇరువురును ఒకే దుకాణమున టీ త్రాగుదురు గాని, ఒకరి మాట నొకరు అడిగి తెలిసికొనుట అరుదు. ఆ షెడ్డున నిలుచు డబ్ల్యూఏపీ-7 అను ఇంజనుకు ఆరువేల పైచిలుకు అశ్వబలము కలదు. బరువు 123 టన్నులు. అంతటి యంత్రమును తొలకరి జల్లునకు పట్టాలు జిడ్డెక్కిన వేళ చక్రములు జారి నిలిచినచోటనే గిర్రున తిరుగును. అందుకొరకే ఇంజనుకు ఇసుకపెట్టె లమర్చి, చక్రము ముందర గాలితో ఇసుకను చిమ్మించు నేర్పాటు చేసియున్నారు. ఆరువేల గుఱ్ఱములకు గుప్పెడు ఇసుక దిక్కు! బలమునకును పట్టునకును గల సంబంధమును ఇంతకంటె స్పష్టముగా చెప్పు పాఠము నా పాఠ్యపుస్తకములలో ఎన్నడును కనబడలేదు.

అశ్వబలమను కొలతను లోకమున ప్రచారమునకు తెచ్చినవాడు జేమ్సు వాట్. ఆవిరియంత్రమును కొనవచ్చినవానికి, 'ఇది యిన్ని గుఱ్ఱముల పని చేయును' అని చెప్పిన గాని బోధపడదు. అందుచే గుఱ్ఱ మొక నిమిషమున 33,000 పౌనుల బరువు నొక అడుగెత్తు లేవనెత్తునని అతడు లెక్క కట్టెను. నేటి కొలతలో అది సుమారు 746 వాట్లు. అంగడిలో పుట్టిన మాట గనుక దానికి అంగడి గుణము పోలేదు. కారును గూర్చి మాటలాడు కుఱ్ఱవాని నోట మొదట వెలువడు సంఖ్య యిదియే.

ఈ సంఖ్యను పూజించుటకై అమెరికావారు ఒక జాతి కారునే సృష్టించిరి. దానిని 'మజిల్ కారు' అందురు. అనగా కండలు తిరిగిన కారు. 1964లో వెలువడిన పాంటియాక్ జీటీఓ అందులకు మేటి యుదాహరణము. నడితరము కారులో 6.4 లీటర్ల ఇంజనును బిగించి 325 అశ్వబలమును పుట్టించిరి. నాలుగు చక్రములకును ఉన్నవి మాత్రము పాతకాలపు డ్రమ్ము బ్రేకులే. తిన్నని రోడ్డున ఒక దీపస్తంభమునుండి వేరొక దీపస్తంభమువరకు సింహము. వంపు వచ్చినచో మదపుటేనుగు. అయినను చూచువారి కన్నులకు వంపుకంటె తిన్నని పరుగే గొప్పగా తోచుటచే ఆ జాతికి కీర్తి వచ్చెను. ఆ కీర్తి తెరమీదుగా మా పేట కుఱ్ఱవాండ్రవరకు ప్రాకి వచ్చియున్నది.

నేను చెప్పు యువకుడు బడిలో నాయొద్ద చదువుకొన్నవాడు. తండ్రి కర్మాగారమున ఉద్యోగి. కుమారుడు యంత్రశాస్త్రమున పట్టము పొంది, ఒక కారుల దుకాణమున పనిచేయుచున్నాడు. రెండేండ్ల క్రిందట అతని సహాధ్యాయి యొకడు అర్ధరాత్రి నగరము చుట్టునున్న వలయరహదారిమీద మిత్రులతో పందెము వేసి ప్రాణములు కోల్పోయెను. ఆ కారు తండ్రి, సీటు వచ్చినందులకు బహుమానముగా కొనియిచ్చినది. కర్మకాండ ముగిసిన కొన్ని నెలలకు మా యువకుడు నాయొద్దకు వచ్చి, “సార్, నేను కారు తయారుచేస్తాను. రోడ్డు మీద నడపను. పందెపు బాట మీదనే నడుపుతాను. ఇంట్లో వద్దంటున్నారు. మీరొక మాట చెప్పండి” అనెను. తల్లి మూడు దినములు అన్నము ముట్టలేదట. ఆమె భయము న్యాయమైనదే. అయితే అతని కోరికలో కూడ ఒక న్యాయము నాకు కనబడెను. వేగముమీది మక్కువ వద్దన్నంత మాత్రమున చచ్చునది కాదు. దానికి తగిన చోటు చూపకున్నచో తనకు దొరకిన చోటనే అది తలయెత్తును. ఆ చోటు నడిరోడ్డు.

అతని సొమ్ము నాలుగు లక్షల రూపాయలు. మూడేండ్ల జీతమునుండి మిగిల్చినది. అతడు తెచ్చిన జాబితా యిట్లున్నది: పాత మారుతి ఎస్టీమ్ కారునకు 80,000, ఇంజను బలమును 85నుండి రెట్టింపు చేయుటకై టర్బోయు దాని సామగ్రియు 2,10,000, మెరయు చక్రములు, వెనుక రెక్క మున్నగు అలంకారములకు 50,000, టైర్లకును బ్రేకులకును కలిపి 45,000, హెల్మెటు మొదలగువానికి 15,000. జాబితా చక్కని దస్తూరితో వ్రాయబడియున్నది. దాని మంచిచెడ్డలు నిర్ణయించుటకు సంస్కృతము, ఇంగ్లీషు చాలవు గనుక, మా వీధిలోనే యున్న విశ్రాంత ఫిట్టరు నొకరిని పిలిచితిని. ముప్పది యేండ్లకు పైగా రైలుపెట్టెల క్రింద పండుకొని పనిచేసిన మనిషి.

ఆయన జాబితాను దూరముగా పట్టుకొని చదివి, “బిడ్డా, ఉరికించుడు ఎవలకన్న వస్తది. ఆపుడెట్లనో ముందుగాల చెప్పు” అనెను.

“బ్రేకులు కంపెనీవి ఉన్నాయి కదా తాతా” అని యువకుడు.

“కంపెనోడు నువ్వు బజారుకు పోతవని ఇచ్చిండు. ఈడికి పోతవని ఇయ్యలే.”

ఈ రెండు వాక్యములలో ఒక శాస్త్రమే యిమిడియున్నది. దానిని విప్పి చూచుటకు నాకును ఆ యువకునకును కొన్ని వారములు పట్టినది. మనిషితో కలిసి వేయి కిలోల బరువు గల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవునపుడు దానియందుండు చలనశక్తి యంతయు, ఆగునపుడు, బ్రేకులలో వేడిగా మారవలసినదే. ఆ వేడితో మన కుళాయినీరు లీటరుంబావు సలసల కాగును. వేగము 140కి పెరిగినచో శక్తి రెట్టింపగును. ఏలన శక్తి వేగముయొక్క వర్గము ననుసరించి పెరుగును. పందెపు బాటమీద ఒక చుట్టులోనే పలుమారు లిట్లు ఆపవలసియుండును. అప్పుడు బ్రేకు ఆయిలు మరగి బుడగలు పుట్టును. బుడగ నొక్కుడుపడును గాని ఆయిలువలె ఒత్తిడిని చక్రమునకు చేర్చజాలదు. కాలిక్రింది పెడలు మెత్తని దూదివలె నేలకు దిగిపోవును. డాట్-3 అను తరగతి ఆయిలు క్రొత్తగా నున్నపుడు కనీసము 205 డిగ్రీలవరకును, డాట్-4 తరగతిది 230 డిగ్రీలవరకును మరగకుండ నిలువవలెనని నియమము. గాలిలోని తేమను పీల్చిన పిమ్మట మొదటిదానికి 140, రెండవదానికి 155 డిగ్రీలే కనీసపు హద్దు. కొన్ని వందల రూపాయల ఆయిలును క్రొత్తది పోయుట, రెండు లక్షల టర్బోకంటె ముందు చేయదగిన పని. ఈ సంగతి ఏ ప్రకటనలోను పెద్దయక్షరములతో ఉండదు.

ఇక వంపు. రెక్కల సాయము లేని సామాన్యపు కారు వంపులో ఎంత వేగముగా పోగలదో నిర్ణయించునవి మూడే: వంపుయొక్క వ్యాసార్ధము, భూమియొక్క ఆకర్షణ, టైరునకును నేలకును నడుమనున్న పట్టు. ఆ లెక్కలో ఇంజనుకు చోటే లేదు. 50 మీటర్ల వ్యాసార్ధము గల వంపులో, పట్టు 0.9గా నున్న టైర్లతో, గంటకు 75 కిలోమీటర్లు దాటి పోరాదు. వెనుక ఎనుబది గుఱ్ఱములున్నను, ఎనిమిదివందల గుఱ్ఱములున్నను అంతే. మెత్తని రబ్బరుతో చేసిన మంచి టైర్లచే ఆ పట్టును 1.1కి పెంచినచో 83 కిలోమీటర్లతో పోవచ్చును. ఆ యెనిమిది కిలోమీటర్ల లాభము వంపుతో ముగియదు. వంపు వెంబడి వచ్చు తిన్నని బాటలోనికి కూడ వెంట వచ్చును. తిన్నని బాటలో సహితము బలము చేయు మేలు మన మూహించినంత కాదు. గాలి యడ్డమును త్రోసికొనిపోవుటకు కావలసిన బలము వేగముయొక్క ఘనమువలె పెరుగుటచే, ఇంజను బలమును రెట్టింపు చేసినను అత్యధికవేగము నూటికి ఇరువదియారు వంతులకంటె హెచ్చు పెరుగదు.

టైరును గృహస్థుని జీతముతో పోల్చవచ్చును. నెలకు వచ్చునది యింతే. అద్దెకు పోయినది బియ్యమునకు రాదు. అట్లే ఒక టైరునకు గల పట్టు, పరుగు, ఆపుట, మలుపు అను మూడింటికిని పంచవలసిన జీతము. బ్రేకుమీద పట్టునంతయు వెచ్చించిన చక్రము తిరుగుమన్నను తిరుగదు. ఎస్టీమ్ కారును లాగునవి ముందటి చక్రములే, మలపునవియు అవియే. అట్టిదానికి ఇంజను బలమును రెట్టింపు చేయుట, ఒక్క జీతముపై రెండు కాపురములు పెట్టుట వంటిది.

అంతేకాదు. వంపులో కారు బరువు లోపలి చక్రములనుండి వెలుపలి చక్రములకు జరుగును. బ్రేకు వేసినపుడు ముందునకు జరుగును. టైరుమీద బరువు రెట్టింపైనను పట్టు రెట్టింపు కాదు. కొంత తక్కువగనే పెరుగును. కావున బరువు ఎంత జరిగినచో అంత నష్టము. కారుయొక్క గురుత్వకేంద్రము నేలకు దగ్గరగా నుండవలెననియు, చక్రముల నడుమ ఎడము విశాలముగా నుండవలెననియు, స్ప్రింగులును షాకబ్జార్బరులును ఆ జరుగుబాటును అదుపులో నుంచవలెననియు చెప్పుటకు మూల మిదియే. రైలు చక్రముల విషయమై మా ఫిట్టరుగారు చెప్పిన మాట యిచ్చట జ్ఞప్తికి వచ్చుచున్నది. రైలుచక్రపు అంచు సమముగా నుండదు. ఇరువదింట ఒకటి చొప్పున వాలుగా నుండును. వంపులో జత చక్రము లొక ప్రక్కకు జరిగినపుడు వెలుపలిది లావైన చుట్టుకొలతపైనను, లోపలిది సన్నని చుట్టుకొలతపైనను దొరలును. తనంత తానే వంపు తిరుగును. ఒక చిన్న వాలు చేయు పనిని వేయి గుఱ్ఱములు చేయలేవు.

ఇట్టి చిన్న దిద్దుబాటుల మహిమను అమెరికావారే ఋజువు చేసిరి. 1965లో కారోల్ షెల్బీ యను పందెగాడు ఫోర్డు మస్టాంగు కారును తీసికొని జీటీ350 అను కారును తయారుచేసెను. ఇంజను బలమును 271నుండి 306కి పెంచిన మాట నిజమే. అది పెద్ద పెంపు గాదు. ముఖ్యమైన పనులు వేరు. ముందు చక్రములను పట్టియుంచు పైచేతుల కీళ్లను ఒక అంగుళము క్రిందికి దింపిరి. దానికి కావలసినది క్రొత్త రంధ్రములు మాత్రమే. కారు ఒరిగినపుడు కూడ టైరు నేలపై నిటారుగా నానియుండుటకు ఆ అంగుళము తోడ్పడెను. ముందు చక్రములకు డిస్కు బ్రేకు లమర్చిరి. వెనుక సీటును తీసివేసి బరువు తగ్గించిరి. ఆ యేడే ఆ కారు తన తరగతిలో అమెరికా జాతీయ విజేత యయ్యెను. కండలు గల కారునకు మెదడును, వెన్నెముకను కుదిర్చినవారు గెలిచిరని తాత్పర్యము.

ధనము లేనివాని కథ మనకింకను దగ్గరలోనే, మన భాషవారి నడుమనే కలదు. కోయంబత్తూరులో తరతరములుగా స్థిరపడిన తెలుగు నాయుడు కుటుంబములలో నూలుమిల్లుల యింట పుట్టినవాడు ఎస్. కరివర్ధన్. తాను షోలవరపు విమానక్షేత్రపు పందెములలో పేరు గడించియు, విదేశపు కార్లు కొనగలవారికే యీ విద్య దక్కుచున్నదని గ్రహించెను. 1980ల తుదిభాగమున, మారుతి 800 కారుయొక్క యంత్రభాగములతో, ఒంటిసీటు పందెపు కారును నిర్మించెను. ఫార్ములా మారుతి యని దానికి పేరు. 796 ఘనసెంటీమీటర్ల, మూడు సిలిండర్ల ఇంజను. కట్టుకొన్న యిల్లాలు కూరగాయలకు తీసికొనిపోవు కారులోనిదే! దాని బలము నలుబది గుఱ్ఱములకు లోపు. అయినను అందఱకును ఒకే ఇంజను గనుక, గెలుపోటములను నిర్ణయించునది చేతి నేర్పే. 2005లో ఫార్ములా వన్ పందెములకెక్కిన తొలి భారతీయుడు నరేన్ కార్తికేయన్ తొలినాళ్లలో పరుగెత్తినది ఆ ఫార్ములా మారుతిలోనే. 1995లో కరివర్ధన్ విమానప్రమాదమున అకాలమరణము పొందెను. 2003లో కోయంబత్తూరు చెంత చెట్టిపాళెమున వెలసిన 2.1 కిలోమీటర్ల పందెపు బాటకు ఆయన పేరే పెట్టిరి. ధనికుడు తన సంపదతో తాను పరుగెత్తుట వింత కాదు. ధనము లేనివారి పరుగునకు దారి వేయుటయే గొప్ప. దానిని నేను సంఘసంస్కరణ మందును.

విద్యార్థులు స్వయముగా కారు నిర్మించి పోటీపడు ఫార్ములా స్టూడెంటు అను పోటీలలో కూడ ఇదే నీతి నియమముగా నున్నది. ఇంజనులోనికి గాలి పోవు దారిని 20 మిల్లీమీటర్ల సన్నని రంధ్రముగుండ పోనిత్తురు. అనగా బలమును బుద్ధిపూర్వకముగా గొంతు నొక్కి యుంతురు. కారు ఎట్లు రూపొందించితివి, ఒక్కొక్క భాగమునకు ఎంత వెచ్చమైనదని న్యాయనిర్ణేతలు నిలదీసి యడిగి మార్కు లిత్తురు. ఎనిమిది అంకె ఆకారపు బాటలో తిరుగుట యొక పరీక్ష. 22 కిలోమీటర్లు చెడకుండ నడచుట యింకొక పరీక్ష. మన కళాశాలల పరీక్షలన్నియు నిట్లుండినచో ఎంత బాగుండును!

మా యువకుని జాబితా తిరుగవ్రాయబడినది. కారు 80,000. మంచి టైర్లు 32,000. బ్రేకు ప్యాడ్లు, ఆయిలు, గొట్టములు 25,000. స్ప్రింగులు, షాకబ్జార్బరులు 60,000. బుష్షులు, అలైన్‌మెంటు 15,000. కారు దొరలినను పైకప్పు క్రుంగకుండ కాపాడు ఇనుపగొట్టముల పంజరము, సీటు, బెల్టులు, హెల్మెటు అన్నియు 90,000. ఇంజనుకు టైమింగు బెల్టు, రేడియేటరు, ఆయిలు 25,000. లైసెన్సు, రుసుము, లారీ బాడుగ 60,000. మిగిలిన 13,000 విరిగినవానికి. టర్బోకు సున్న. రెక్కకు సున్న. ఆ రెండు సున్నలను వ్రాయుటకు అతనికి మనసొప్పుటకు రెండు నెలలు పట్టినది. తల్లి అన్నము తినుట మొదలుపెట్టినది పంజరపు పద్దును చూచినప్పుడు.

సంస్కృతము చదివినవానికి ఈ జాబితా క్రొత్తది కాదు. మహాభారతములోని నలోపాఖ్యానమున, ఒక్కనాటిలో విదర్భ చేరవలెనని ఋతుపర్ణుడు తొందరపడగా, బాహుకుడను పేర దాగియున్న నలుడు బక్కచిక్కిన గుఱ్ఱములను ఎన్నుకొనును. రాజు చూచి, ఇవి యేమి గుఱ్ఱములని ఆక్షేపించును. పిమ్మట ఆ రథపు వేగమును చూచి విస్మయము పొందును. నలునకు తెలిసినది అశ్వముల సంఖ్య కాదు, అశ్వహృదయము. కఠోపనిషత్తు శరీరమును రథముగా వర్ణించుచు ఇంద్రియములను గుఱ్ఱములుగాను, మనస్సును పగ్గములుగాను, బుద్ధిని సారథిగాను చెప్పినది. గుఱ్ఱము లెంత బలిసియుండవలెనో చెప్పలేదు; సారథి మెలకువగా నుండవలెనని మాత్రమే చెప్పినది.

కారు సిద్ధమైనది. దానిని రోడ్డుమీద నడుపలేదు. మోటారువాహనముల చట్టపు 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన దానికి విరుద్ధముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. 189వ సెక్షను ప్రభుత్వపు అనుమతి లేని రోడ్డుపందెములను శిక్షార్హములు చేసినది. 2019 సవరణతో వచ్చిన 199-ఏ సెక్షను, మైనరు బాలుడు నేరము చేసినచో బండి నిచ్చిన పెద్దలనే బాధ్యులను జేసి, మూడేండ్లవరకు ఖైదును, 25,000 రూపాయల జరిమానాను విధించుచున్నది. కావున కారును లారీ కెక్కించి, చెన్నపట్నము చెంత ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుండి నడచుచున్న పందెపు బాటకు తీసికొనిపోయిరి. నేనును ఫిట్టరుగారును రైలులో పోతిమి. యువకుని చెల్లెలు, పట్టపరీక్షకు చదువుచున్న బాలిక, ప్రతి పరుగు ముగియగానే టైర్లలో గాలి ఒత్తిడిని కొలిచి పుస్తకమున వ్రాసెను. వేడికి ఒత్తిడి పెరుగుట, పెరిగినది తగ్గించుట, తగ్గించిన పిమ్మట కారు ఎట్లు తిరిగినదో అన్నను అడిగి ప్రక్కన టీక వ్రాయుట – ఆ పుస్తకము నాకు ఒక శాస్త్రగ్రంథమువలె కనబడెను.

ఉదయపు పరుగులలో అతడు ప్రతి వంపునకును తొందరపడి ప్రవేశించి, జారి, ఆగి, మరల పరుగెత్తుచుండెను. అచ్చటి శిక్షకుడు చెప్పిన సూత్రములు రెండు: బ్రేకును తిన్నని బాటలోనే ముగించుము, నీ చూపును కారు ముక్కుపై గాక వంపు తుదను నిలుపుము. సాయంకాలమునకు చుట్టునకు తొమ్మిది సెకండ్లు తగ్గినవి. ఇంజనులో ఒక్క మర కూడ మార్చలేదు. మారినది సారథి. అతనికంటె రెట్టింపు బలము గల కార్లు రెండు ఆ దినమున బ్రేకులు వేడెక్కి నీడన నిలిచియుండగా, మా ముదుసలి ఎస్టీమ్ చీకటి పడువరకు తిరిగినది. కడపటి పరుగులలో చెల్లెలు కూడ నేర్చుకొనువారి వరుసలో నడపినది. అన్న మొదటి దినమున జారిన వంపులో ఆమె జారలేదు. పుస్తకము వ్రాసినది ఆమె గదా!

ఇప్పుడు గృహస్థులైన చదువరులతో రెండు మాటలు. మనము పిల్లలకు బలము నిచ్చుచున్నాము, మలుపు నేర్పుటలేదు. ర్యాంకు వచ్చినచో రెండువందల గుఱ్ఱముల కారు బహుమానము. పెండ్లి కుదిరినచో అల్లునకు అంతకంటె పెద్దది, అదియును కట్నమను పేరు లేకుండ. కొనువా రెవరును ఆ కారు బ్రేకు ఆయిలు ఏనాటిదని అడుగరు. కూర్చుండువానికి వంపులో చూపెక్కడ నిలుపవలెనో తెలియునా యని అడుగరు. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేన్‌సాగరు ఒడ్డున విద్యుత్కార్ల అంతర్జాతీయ పందెము జరిగినది. 2.83 కిలోమీటర్ల బాటలో వంపులు పదునెనిమిది. మరునాడు నగరమున వినబడిన మాటలన్నియు వేగమును గూర్చియే. ఆ పదునెనిమిది వంపులలో ఆ సారథు లేమి చేసిరని అడిగినవారిని నేను చూడలేదు.

రెండవ మాట. ఫిట్టరుగారివంటి పెద్దలు మన పేటలలో ఎందఱో గలరు. వారి చేతులయందున్న విద్యకు పట్టము లేదు. వారి తరువాత దానిని తెలిసినవాడు లేడు. విశ్వవిద్యాలయమునుండి కర్మాగారమునకు నడచిపోవుటకు అరగంట చాలును. కాని ఆ దూరమును మన గౌరవభావము ఆమడలుగా పెంచినది. పట్టభద్రుడు నల్లచేతుల పెద్దమనిషి ముందు కూర్చుండి, 'తాతా, ఇది యెందుకిట్లు?' అని అడుగుట మొదలుపెట్టిన దినమున మన విద్యకు సగము సంస్కారము కలిగినట్లే.

మా యువకుడు మరల సొమ్ము కూడబెట్టుచున్నాడు. వచ్చు యేడు టర్బో పెట్టవచ్చునా యని మొన్న అడిగెను. ఫిట్టరుగారు వద్దనలేదు. “ఇప్పుడు పెట్టుకో బిడ్డా. ఆపుడు వచ్చినోనికి ఉరుకుడు శోభిస్తది” అనెను. బలమును నిందించుట నా యభిప్రాయము కాదు. బలము చివరి పద్దుగా రావలెను. అంతకు ముందటి పద్దులన్నియు చెల్లియుండవలెను.